పర్మిట్ రూమ్ పక్క ఇల్లు

నల్లగొండలో మా ఇంటి గోడకు ఆనుకునే వైన్స్, దాని పర్మిట్ రూమ్. రాత్రి పదకొండైనా పాటలు ఆగవు. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటున్నయ్. పొద్దున బిడ్డకు ఇంటర్ పరీక్ష, చెవుల్లో దూది పెట్టుకొని చదువుతుంది! ఇగ వాసన... మాడిన నూనె పొగ, మా గోడకే పోసే ఉచ్చ. కిటికీ తెరిచి ఎన్నాళ్లయిందో.

లైసెన్స్ ఉందంటడు ఓనర్. అమ్మనీకి ఇచ్చిండ్రా, మమ్మల్ని సతాయించనీకి ఇచ్చిండ్రా? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇండ్ల మధ్య రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ దాటొద్దు. ఎవరు కొలుస్తున్నరు? 100కు ఫోన్ చేస్తే బండి వస్తది, సౌండ్ తగ్గుతది. బండి మలుపు తిరగంగనే మళ్ల మొదలు!

తలుపులు మూసి, పొగగొట్టం మిద్దె పైదాకా లేపితే వాళ్లకేం పోతది? మా అత్తమ్మ రాత్రంతా దగ్గుతనే ఉంది.