వరంగల్ ఎండకు ముద్దాయి దొరికాడు

ఏప్రిల్ వచ్చిందంటే హన్మకొండలో చలివేంద్రాలు వెలుస్తాయి. చలివేంద్రం వెలిసిన చోట రిబ్బన్ కత్తిరించే పెద్దమనిషి వెలుస్తాడు. ఆయన మైకు పట్టగానే ఆ మాట వస్తుంది: "ఓజోన్ పొరకు బొక్క పడ్డది, అందుకే గింత ఎండలు. మనమేం జేస్తం చెప్పుండ్రి." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతారు. కుండలో నీళ్లు రెండు రోజులుంటాయి, ఫ్లెక్సీ మాత్రం దసరా దాకా ఉంటుంది.

ఈ ప్రసంగం మీరూ ఏటా వింటున్నవారే. అయినా ఎవరి మీదైనా నేరం మోపినప్పుడు ముద్దాయి వాదన కూడా వినాలి కదా.

ముద్దాయి కాపురం అంటార్కిటికా మీది ఆకాశంలో. అక్కడి హేలీ కేంద్రంలో ఏళ్ల తరబడి కొలతలు తీసిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో వీణ్ని లోకానికి పట్టిచ్చారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బాగా విస్తరిస్తాడు, మామూలుగా డిసెంబరుకల్లా మాయమవుతాడు. మన ఎండలు ఏప్రిల్, మే నెలల్లో. అంటే నేరం జరిగిన వేళకు ముద్దాయి ఊళ్లో లేకపోవడమే కాదు, అసలు పుట్టనే లేదు. ఇంకో సంగతి. వాడు పుట్టాలంటే పైన సున్నాకు దిగువ 78 డిగ్రీల చలి కావాలి. అంత చలిలో పుట్టేవాణ్ని తెచ్చి వరంగల్ వడగాలికి బాధ్యుణ్ని చేశాం. ఓజోన్ పని అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడం. అది పలచబడితే చర్మ క్యాన్సర్లు, కళ్లలో శుక్లాలు పెరుగుతాయి, పంటలు దెబ్బతింటాయి. రామగుండంలో బండలు కాలడం దాని శాఖ కాదు. (ఓజోన్‌ను తినేసిన సీఎఫ్‌సీ వాయువులు భూమి వేడిని కూడా పట్టి ఉంచుతాయి. ఆ మేరకు చుట్టరికం ఉంది. మన పెద్దమనిషి అంత దూరం ఆలోచించాడని మాత్రం నేను నమ్మను.)

పోనీ, బొక్కదే తప్పు అనుకుందాం. మరి పూడ్చరేం? రోడ్డు మీద గుంత పడితే టెండరు, పైపు పగిలితే టెండరు. "ఓజోన్ పొర మరమ్మతు పనులు, ప్యాకేజీ-1, హన్మకొండ చౌరస్తా నుంచి ఆకాశం వరకు" అని పిలిస్తే ఎవరొద్దన్నారు? ఓజోన్ ఎక్కువగా ఉండేది 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో కాబట్టి మెటీరియల్ పైకి చేర్చే ఖర్చు అదనం. ఏఈ గారు కొలతల పుస్తకం తెరిచి మందం అడుగుతారు. నెత్తి మీది ఓజోన్ మొత్తాన్నీ నేల మీది ఒత్తిడికి, సున్నా డిగ్రీలకు తెచ్చి పరిస్తే సగటున 3 మిల్లీమీటర్లు. కాంట్రాక్టర్ ముఖం వెలిగిపోతుంది: "సార్, మనమేసే తారు గంతే ఉంటది గదా!" మొదటి బిల్లు పాస్. స్థల పరిశీలనకు నలుగురు పెద్దలు కుటుంబాలతో సహా అంటార్కిటికా వెళ్లొస్తారు. మొదటి వానకే పొర లేచిపోతుంది. దాని మీద కమిటీ. ఈలోగా శిలాఫలకం మీద ఎవరి పేరు పైనుండాలని రెండు వర్గాలు కొట్టుకుంటాయి. ఆకాశంలో శిలాఫలకం నిలబడదని తేలాక దాన్ని చౌరస్తాలోనే పాతి, పైకి చూపిస్తూ ఒక బాణం గుర్తు వేస్తారు.

అసలు పూడ్చే పని మొదలై చాలా ఏళ్లయింది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో అప్పట్లో వాడిన సీఎఫ్‌సీలు ఓజోన్‌ను విరగ్గొడతాయని 1974లోనే మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. తయారుచేసే కంపెనీలు ఒప్పుకోలేదు. అయినా వాటి వాడకం తగ్గించాలని 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశమూ చేరింది, చివరికి ప్రపంచ దేశాలన్నీ చేరాయి. అంటార్కిటికా మీద కూడా 2066 ప్రాంతానికి ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. మనుషులు తప్పు చేసి, ఒప్పుకుని, నిజంగా దిద్దుకుంటున్న పని ఒకటుంటే, దాన్ని తెచ్చి మన చెరువుల దొంగతనానికి అడ్డం పెడుతున్నారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల నేల ఇది. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయేవి. శిఖం భూమిలో హద్దురాళ్లు పాతింది ఓజోనా? కుంటను మొరంతో నింపి, ఆ వెంచర్‌కు 'లేక్ వ్యూ' అని పేరు పెట్టింది అంటార్కిటికావాళ్లా? రోడ్డు వెడల్పు పేరుతో వందేళ్ల చింతచెట్లను కొట్టేసి, డివైడర్ మీద నీడ లేని అలంకరణ మొక్కలు నాటించింది ఎవరు? ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా వీపున మోసే హమాలీ, ఉపాధి పనిలో గడ్డపార పట్టిన అక్క ఎండదెబ్బకు పడిపోతే, వాళ్ల పిల్లల ముందు కూడా మైకు పట్టుకుని "మనమేం జేస్తం" అంటావా? చేసిందంతా నువ్వే కదా! నీడ అమ్ముకున్నావు, నీళ్లు అమ్ముకున్నావు, ఇప్పుడు ఆకాశం మీద కేసు పెడుతున్నావు.

ఇంతకీ వరంగల్‌లో ఓజోన్‌కు కరువేమీ లేదు. బండ్ల పొగ మీద మండుటెండ పడితే నేల దగ్గరే ఓజోన్ తయారవుతుంది. పైన ఉంటే కాపాడేది, ముక్కు దగ్గరికొస్తే ఊపిరితిత్తులను కాలుస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లను మంచాన పడేస్తుంది. సారు ప్రసంగిస్తున్నంత సేపూ, తిరిగి ఎక్కేటప్పటికి సీటు చల్లగా ఉండాలని, వెనక అరడజను కార్లు ఏసీ వేసుకుని అలాగే గురగురమంటుంటాయి. ఓజోన్ సంగతి తర్వాత మాట్లాడుదువు గానీ, ముందు ఆ డ్రైవర్‌ను ఇంజిన్ ఆపమను.