పెద్దపేగుకు పైత్యరసపు ముప్పు

మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని తేల్చేసుకోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలైపోయింది. ‘ఆపరేషన్ లేకుండా మొలలకు చికిత్స’ అంటూ బస్టాండు గోడలపై కనిపించే రాతలే చాలామందికి తొలి వైద్య సలహా కావడం ఆందోళనకరం. పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇదే లక్షణంతో బయటపడవచ్చు. పేగు లోపలి పొరపై మొలిచే పాలిప్ అనే చిన్న కండ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లకు పైగా పడుతుంది.

ఆ పదేళ్లలో పైత్యరసం పాత్ర చిన్నదేమీ కాదు. కొవ్వు అరగడానికి కాలేయం కొలెస్ట్రాల్ నుంచి పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. పని ముగిశాక వాటిలో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకుంటుంది. చిక్కంతా మిగిలిన కొద్దిపాటి ఆమ్లాలతోనే. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ ఆమ్లాలుగా మారుస్తుంది. ఇవి ఏళ్ల తరబడి మోతాదు మించితే కణాల డీఎన్‌ఏ దెబ్బతింటుందని, అలా దెబ్బతిన్న కణాలు నశించకుండా పెరిగే అవకాశం ఉందని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. వయసు, వంశపారంపర్యం, పొగాకు, మద్యం, ఊబకాయం కూడా కారణాలే అయినా, పైత్యరస ఆమ్లాల మోతాదు మాత్రం చాలావరకు మన కంచాన్ని బట్టే ఉంటుంది.

2015లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆఫ్రికన్ అమెరికన్లు, దక్షిణాఫ్రికా గ్రామీణులు రెండు వారాలు ఒకరి తరహా తిండి మరొకరు తిన్నారు. తిండిలో కొవ్వు తగ్గి పీచు పెరిగిన అమెరికన్లలో ఈ హానికర ఆమ్లాలు గణనీయంగా తగ్గాయి. దక్షిణాఫ్రికా వారిలో పెరిగాయి. రెండు వారాలకే ఇంత మార్పు రావడం ఆశ కలిగించే విషయం. నెల్లూరు చేపల పులుసును ఎవరూ మానుకోనక్కర్లేదు. రోజూ సాయంత్రం బండి దగ్గర తినే చికెన్ పకోడీని తగ్గించి, ప్రకాశం మెట్ట పల్లెలు మరిచిపోతున్న సజ్జ సంగటిని, అలసందలను, ఆకుకూరలను మళ్లీ కంచంలోకి తెచ్చుకోవాలి.

తిండి ఒక్కటే చాలదు. ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితమయ్యాయి. కంటికి కనిపించని రక్తాన్ని మలంలో గుర్తించే చవకైన పరీక్షను 45 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం వీటితోపాటే చేయించాలి. అందులో రక్తం ఉన్నట్టు తేలితే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో జాప్యం లేకుండా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపలిభాగాన్ని చూసే పరీక్ష) జరగాలి. పాలిప్ ఉంటే చాలావరకు అప్పుడే తీసివేయవచ్చు.