నహూము చూసింది కార్లను కాదు

వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది: "2600 ఏళ్ల క్రితమే నహూము ప్రవక్త మోటారు కార్లను చూశాడు. రెండో అధ్యాయం నాలుగో వచనం చదవండి. రథాలు వీధుల్లో దూసుకుపోతాయి, దివిటీల్లా కనిపిస్తాయి, మెరుపుల్లా పరుగెడతాయి. హెడ్‌లైట్లు కాక మరేమిటి? ఇవే అంత్యదినాలు." కింద వరసగా ఆమెన్‌లు.

చదవమన్నారుగా, బైబిల్లోని నహూము గ్రంథం తీసి చదువుదాం. కాకపోతే ఆ ఒక్క వచనం దగ్గరే ఆగొద్దు. మూడో అధ్యాయం మొదట్లో రథాలు మళ్లీ వస్తాయి. అక్కడ కొరడా చప్పుడుంది, గుర్రాల తొక్కిడి ఉంది, కత్తులు దూసిన రౌతులున్నారు, అడుగేస్తే కాళ్లకు తగిలేటన్ని శవాలున్నాయి. కారుకు కొరడా ఎందుకండీ? దివిటీల సంగతీ అంతే. ఆ నాలుగో వచనానికి ముందు వచనంలోనే రథాల లోహం అగ్నిలా మెరుస్తోందని ఉంది.

"రథాలు యుద్ధభూమిలో ఉంటాయి గానీ ఊరి వీధుల్లో తిరుగుతాయా?" అని ఇంకో వాదన. నహూము చెప్పే నీనెవె మామూలు ఊరు కాదు, టైగ్రిస్ ఒడ్డున, ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్ దగ్గరున్న అష్షూరు (అస్సీరియా) రాజధాని. అక్కడ అష్షూరు రాజు సన్హెరీబు రాజమార్గాన్ని వెడల్పు చేయించి, దాని మీదికి ఇల్లు జరిపి కట్టినవాణ్ణి ఆ ఇంటి మీదే కొరత వేయిస్తానని శాసనం చెక్కించాడు. ఆక్రమణల మీద అంత పట్టుదల మన మున్సిపాలిటీలకు లేదు లెండి.

ఇక అంత్యదినాలు. గ్రంథం మొదలయ్యేదే నీనెవె గురించిన దేవోక్తి అంటూ. ఈజిప్టులోని నో ఆమోను, అంటే థీబ్స్, పడిపోవడాన్ని జరిగిపోయిన సంగతిగా గుర్తు చేస్తాడు నహూము. అది క్రీ.పూ. 663. బబులోనీయులు, మాదీయులు కలిసి నీనెవెను కూల్చింది క్రీ.పూ. 612లో. పండితులు ఈ గ్రంథాన్ని సాధారణంగా ఈ రెంటి మధ్య కాలానిదే అంటారు. అష్షూరు కాళ్ల కింద తరాల తరబడి నలిగిన యూదా జనం ఎదురుచూసిన కబురు ఇది. వాళ్ల గోడు మొత్తం తీసేసి అక్కడ హైవే ఫొటో పెట్టడం నాకైతే అన్యాయంగానే ఉంది.

అన్నట్టు, కార్లు రాకముందు, 19వ శతాబ్దపు అమెరికాలో కొందరు బోధకులు ఇదే వచనంలో రైలుబండిని చూశారు.

రెండో అధ్యాయం ఆఖరి వచనంలో నీనెవె రథాలను పొగ లేచేలా కాల్చేస్తానంటాడు దేవుడు. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.