40 ఏళ్లు దాటిన పోలీసు కారుకు చట్టాలే వర్తించవా?

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన పోలీసు కారు కొనుక్కుంటే అది హిస్టారిక్ వెహికల్ కింద లెక్క, కాబట్టి ట్యాక్స్ లేదు, ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డెక్కడానికి తగిన స్థితిలో ఉందా అని ఏటా చేసే తనిఖీ) లేదు, పాతకాలం నల్ల నంబర్ ప్లేటు పెట్టుకోవచ్చు, పైనున్న నీలం బుగ్గకి వైర్లు పీకేస్తే దాన్ని అలాగే ఉంచుకోవచ్చు, తలుపు మీద 'పోలీస్' అని ఉన్నా ఎవరూ అడగరు.

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కారు పాతబడితే దొరికే వెసులుబాట్లు ట్యాక్సుకీ పరీక్షకీ సంబంధించినవి. బుగ్గ, సైరన్, అక్షరాల దగ్గరికొచ్చేసరికి చట్టానికి కారు వయసుతో పని లేదు, ముందు బండివాడు అద్దంలో చూసి కంగారుపడి పక్కకు తీస్తాడా లేదా అన్నదే దాని బాధ. పోస్టు రాసినాయన ఈ రెండింటినీ కలిపి ఒకే గిన్నెలో వండేశాడు.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. పాత పోలీసు కారు కొనడం, పేరు మీద పెట్టుకోవడం, రోడ్డు మీద నడపడం నేరం కాదు. పోలీసు శాఖలు తమ బండ్లను వాడేశాక సామాన్లు, గుర్తులు తీసేసి వేలంలో అమ్ముతూనే వచ్చాయి. వాటిని మళ్లీ పాత రూపానికి తెచ్చుకునే అభిమానులు బోలెడంత మంది.

ట్యాక్స్ సంగతి. 40 ఏళ్లు నిండితే దానంతట అదే పోదు. హిస్టారిక్ తరగతికి మార్చమని డీవీఎల్ఏకి (బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ తర్వాత కూడా ఏటా ట్యాక్స్ చేయించాలి, కాకపోతే కట్టేది సున్నా. పైగా ఆ కారుతో వ్యాపారం చేస్తే ఈ మినహాయింపు వర్తించదు. పెళ్లిళ్లకీ షూటింగులకీ అద్దెకిచ్చి నాలుగు డబ్బులు చేసుకుందామనుకునేవాళ్లు ఈ ముక్క ముందే చదువుకోవాలి.

ఎంఓటీ మినహాయింపు 2018 మే నుంచి ఉంది, నిజమే. కానీ గత 30 ఏళ్లలో కారులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పరీక్ష లేదంటే కండిషన్ అక్కర్లేదని అర్థం కాదు కూడా. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న బండిని రోడ్డెక్కిస్తే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు పడొచ్చు. రోవర్ ఎస్‌డీ1 లాంటి కారుని తీసుకోండి. 3,528 సీసీ వీ8 ఇంజన్, మోటార్‌వే గస్తీకి వాడినవి. 1987 మే 8న స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం వైపు నుంచి మార్పిడి ఆపరేషన్ కోసం వచ్చిన కాలేయాన్ని లండన్‌లో క్రామ్‌వెల్ ఆసుపత్రికి 27 మైళ్లు అరగంట లోపు చేర్చింది మెట్రోపాలిటన్ పోలీసుల ఎస్‌డీ1లే. అలాంటి చాకిరీ చేసిన జాతి బండిని, అదీ ఇన్నేళ్ల తర్వాత, బ్రేకులు చూపించుకోకుండా నడుపుతానంటే మీ ఇష్టం. నేనైతే అవసరం లేకపోయినా ఏటా ఎంఓటీ చేయించమంటాను, అది స్వచ్ఛందంగా చేయించుకోవచ్చు.

నల్ల ప్లేటు విషయంలో పోస్టు చెప్పిన 40 ఏళ్ల లెక్క తప్పు. నలుపు మీద వెండి రంగు అక్షరాల ప్లేటుకి ఇప్పుడున్న గీత 1980 జనవరి 1. అంతకుముందు తయారై, హిస్టారిక్ తరగతిలో ఉన్న బండికే అది చెల్లుతుంది. 1984 నాటి ఎస్‌డీ1 40 దాటేసింది, ట్యాక్స్ మినహాయింపు తెచ్చుకోవచ్చు, నల్ల ప్లేటు మాత్రం కుదరదు.

ఇక అసలు గొడవ బుగ్గ దగ్గర. "వైర్లు పీకేస్తే చాలు" అన్న మాట గాల్లోంచి ఊడిపడలేదు. రోడ్ వెహికల్స్ లైటింగ్ రెగ్యులేషన్స్ 1989లో ఒకచోట, కరెంటుకి కలిపే వైరింగే లేని లైటుని లైటుగా లెక్కించనక్కర్లేదు అన్న అర్థంలో ఒక మాట ఉంది. ఎవరో అక్కడిదాకా చదివి ఆపేశారు. అదే నిబంధనల్లో 16వది నీలం బుగ్గ గురించి విడిగా చెబుతుంది: ఎమర్జెన్సీ వాహనం కాని ఏ బండికీ నీలం హెచ్చరిక దీపం గానీ, దాన్ని పోలిన పరికరం గానీ బిగించి ఉండకూడదు, అది పనిచేసినా చేయకపోయినా సరే. ఆ చివరి ముక్కతో వైర్ల వాదన మొత్తం కూలిపోతుంది. లోపల బల్బు లేని ఖాళీ నీలం డోము పెట్టినా "పోలిన పరికరం" కిందికి వస్తుంది. కారు వయసు ప్రస్తావన అందులో లేనే లేదు.

మరి పాత పోలీసు కార్లవాళ్లు ఏం చేస్తున్నారంటే, కొందరు రోడ్డు మీద వెళ్లేటప్పుడు బుగ్గ మీద లోపలి నీలం కనబడని మందపాటి తొడుగు వేసి బిగిస్తారు. చాలాచోట్ల దానితో నడిచిపోతుంది గానీ, నిబంధన వాడిన మాట "బిగించి ఉండకూడదు" అని గుర్తుంచుకోండి. నన్నడిగితే బుగ్గని బోల్టులతో సహా విప్పేసి డిక్కీలో పెట్టుకుని వెళ్లడమే టెన్షన్ లేని పని. ప్రైవేటు మైదానంలో జరిగే ప్రదర్శనకి చేరాక మళ్లీ బిగించుకోండి, స్పానర్‌తో కాసేపటి పని. "షోలో అందరి కార్ల మీదా బుగ్గలు వెలుగుతున్నాయి కదా" అని ఫొటోలు పెట్టి వాదించేవాళ్లకి కూడా ఇదే జవాబు, ఆ ఫొటో తీసింది రోడ్డు మీద కాదు.

సైరన్‌ది ఇంకో నిబంధన, 1986 నాటి కన్‌స్ట్రక్షన్ అండ్ యూజ్ రెగ్యులేషన్స్‌లో 37వది. పోస్టులో దీని ఊసే లేదు. సైరన్, రెండు స్వరాల హారన్ మాత్రమే కాదు, గంట కూడా నిషేధమే. కాబట్టి 1950ల నల్లటి వూల్స్‌లీ పోలీసు కారు కొని, ముందు బంపర్ దగ్గర మెరిసే క్రోమ్ గంట చూసి మురిసిపోయేవాళ్లు దాని గురించి కూడా ఆలోచించుకోవాలి, అలారంలాంటి వాటికి ఇచ్చిన మినహాయింపులు ఇక్కడ పనికిరావు.

అక్షరాల దగ్గర మాత్రం పోస్టుకీ, దాన్ని తిడుతూ "స్టిక్కర్ ఉంటే జైలే" అని కింద కామెంట్లు పెట్టినవాళ్లకీ ఇద్దరికీ సగం సగం మార్కులు. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీస్ యాక్ట్ 1996లోని 90వ సెక్షన్ పట్టించుకునేది మనిషి ప్రవర్తనని. మోసగించే ఉద్దేశంతో పోలీసునని నమ్మించబోతే ఆరు నెలల దాకా జైలు ఉంది. రంగూ గీతలూ ఉన్నంత మాత్రాన ఆ సెక్షన్ కింద నేరం అయిపోదు. తెల్ల కారు మీద ఎర్ర పట్టీతో జామ్ శాండ్‌విచ్ అని పిలిపించుకున్న 1970ల బండిని చూసి డ్యూటీలో ఉన్న పోలీసులని ఎవరూ అనుకోరు. 1990ల్లో వచ్చిన నీలం పసుపు గళ్ల బాటెన్‌బర్గ్ డిజైను అలా కాదు, అది ఇప్పటికీ రోడ్డు మీద పోలీసులదే. ఏ కాలం బండి అయినా, ప్రయాణంలో 'పోలీస్' అన్న మాట మీద అయస్కాంతపు పట్టీ అంటించుకోండి, అరనిమిషం పని. పాత యూనిఫాం వేసుకుని స్టీరింగ్ పట్టుకోవాలన్న సరదా ఉంటే అది కూడా మైదానం లోపలే తీర్చుకోండి, యూనిఫాం గురించి అదే సెక్షన్‌లో విడిగా మాటలున్నాయి.

పోస్టులో అసలు లేనివి ఇంకో రెండు. పాత రూపానికి తేవడంలో కారు రంగు మారితే వీ5సీ లాగ్‌బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ పత్రం) మార్పించాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇది పోలీసు రంగులు వేసిన బండి అనీ, పైన ఏమేం బిగించి ఉన్నాయో, ఏవి విప్పేస్తారో ముందే చెప్పండి, ఆ సంభాషణ ఈమెయిల్‌లో ఉండేలా చూసుకోండి.