పొరుగు వెలుగు, మన ప్రశాంతత

ఒక పేట ప్రశాంతమైనదని పేరు తెచ్చుకోవాలంటే, ప్రశాంతత అన్నది ఎరుగని పేట ఒకటి దాని పక్కనే ఉండి తీరాలి. ఊరికి దూరంగా, బయళ్ల నడుమ కట్టిన ఇంటిని ఎవరూ ప్రశాంతమని పొగడరు, మారుమూల అని పెదవి విరుస్తారు. అందుచేత తళుకుబెళుకుల వీధిని ఆనుకొని బతికే మా వంటివారికి పొరుగు మీద ఎంత కృతజ్ఞత ఉందో అంతే ఆగ్రహమూ ఉంది. దేనిని ఎక్కడ చూపాలో కూడా మాకు బాగా తెలుసు: ఇల్లు అమ్మే ప్రకటనలో కృతజ్ఞత, నగరపాలక సంస్థకు పెట్టే అర్జీలో ఆగ్రహం. ప్రకటనలో ఆ వీధి మాకు కూతవేటు దూరం. అర్జీలో మాత్రం అది మా సంస్కారానికి ఏమాత్రం పొసగని పరాయి లోకం.

మా బాధలు కల్పితాలు కావని ముందుగా మనవి చేస్తున్నాను. రాత్రివేళ ఇంటి బయట సగటు శబ్దం 40 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో సూచించింది. పొరుగు వీధి ఆ పత్రాన్ని చదివినట్లు లేదు. పైగా గోడలు సన్నని స్వరాలను అడ్డుకున్నంతగా బరువైన దరువును అడ్డుకోలేవు. కనుక పాటంతా టికెట్టు కొన్నవారికి, దరువు మాత్రం ఉచితంగా మాకు దక్కుతాయి. సంగీతం మీద మాకు ద్వేషం లేదు. వచ్చేదేదో పల్లవితో సహా వస్తే మరీ ఇంత బాధ ఉండేది కాదు.

ఇక వాహనాల సంగతి. పొరుగు వీధిలో కారు నిలపడానికి రుసుము కట్టాలి, మా గేటు ముందు అక్కరలేదు. ఈ ఆర్థిక సూత్రాన్ని గ్రహించడానికి ఎవరికీ పట్టా అవసరం లేకపోయింది. దారి చూపే యాప్‌లు కూడా మా సందులను వారికి ఎంతో ఆదరంగా పరిచయం చేస్తున్నాయి. ఇటువంటి ఆదరాన్నే భరించలేక, మాన్‌హటన్‌కు వెళ్లే జార్జ్ వాషింగ్టన్ వంతెన దారిలో ఉన్న న్యూజెర్సీలోని లియోనియా పట్టణం 2018లో రద్దీ వేళల్లో దాదాపు 60 వీధులను బయటివారికి మూసివేసింది. అదే ఏడాది న్యాయస్థానం ఆ ఆంక్షలను కొట్టివేసింది. న్యాయమూర్తి ఇల్లు ఏ వీధిలో ఉందో విచారించడం మర్యాద కాదు.

అయితే మా వర్గానికి ఆదర్శం లియోనియా కాదు, హాలీవుడ్ కొండ దిగువన ఉన్న బీచ్‌వుడ్ క్యాన్యన్. 1923లో ఆ కొండ మీద ‘హాలీవుడ్‌ల్యాండ్’ అని పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టింది సినిమావారు కాదు, దిగువన ఇళ్ల స్థలాలు అమ్ముకున్న వ్యాపారులు. పదిమంది కంటా పడాలన్నదే ఆ అక్షరాల పరమార్థం. 1949లో ‘ల్యాండ్’ అన్న భాగం తొలగిపోయింది, స్థలాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ స్థలాలలో కాపురమున్నవారి వారసులు, తమను అక్కడికి చేర్చిన ప్రకటనను చూడడానికి ఇంకా జనం వస్తున్నారేమిటని ఎంతో కాలంగా వాపోతున్నారు. ఒక వ్యాజ్యం తరువాత 2017లో ఆ బోర్డు వైపు వెళ్లే కాలిబాట గేటు మూతపడింది కూడా. బోర్డు ఉండాలి, చూసేవారు ఉండకూడదు. మేము ఎన్ని అర్జీలు రాసినా మా కోరికను ఇంత సూటిగా చెప్పలేకపోయాము.

పారిస్‌లో రంగురంగుల ఇళ్లు గల క్రెమ్యూ వీధివారు 2019లో సాయంత్రాలూ వారాంతాలూ తమ వీధికి గేటు వేయమని నగరాన్ని కోరారు. ఫోటోలు దిగేవారి బాధ అటువంటిది. గోడలకు సున్నం కొట్టి ఊరుకుందామని మాత్రం ఎవరూ ప్రతిపాదించినట్లు లేదు.

ఈ మధ్య మా పొరుగు వీధిలో ఒక పెద్ద నృత్యశాల మూతపడింది. దాని వెనుకే మరికొన్ని దుకాణాల దీపాలు ఆరిపోయాయి. ఆ వారం దరువు లేదు, గేటు ముందు కార్లు లేవు, మేము దీర్ఘకాలంగా కోరినదంతా ఒక్కసారిగా మంజూరైంది. మరుసటి ఆదివారమే మా నివాసుల సంఘం అత్యవసరంగా సమావేశమై, అద్దెలు పడిపోయే ప్రమాదాన్ని కూలంకషంగా చర్చించి, ఆ వీధికి పూర్వవైభవం తీసుకురావాలని నగరపాలక సంస్థను ముక్తకంఠంతో కోరింది. వైభవం రాత్రి పది గంటలకల్లా ముగిసిపోవాలన్న షరతును కార్యదర్శి అర్జీ చివర స్వహస్తాలతో చేర్చారు.