సవరణ: పాత ఇంటికి కొత్త గది కలపడం

పాత గోడ ఇటుకలు తొలిచి, కొత్త గది గోడను అందులోకి పెనవేసి కట్టమని ముందు రాశాను. గట్టి నేలకు అది సరే. నల్లరేగడిలో మాత్రం వద్దు. పాత పునాది ఏనాడో కుదురుకుంది. కొత్తది బరువు పడ్డాక కొంత దిగుతుంది. పైగా ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అతుకు దగ్గర పైనుంచి కింది దాకా బీట వస్తుంది, వాన నీళ్లు అక్కడే దిగుతాయి.

అందుకే పాత గోడకీ కొత్త గోడకీ నడుమ అంగుళం సందు వదిలి థర్మాకోల్ షీటు పెట్టించండి. ఆ సందును పైన కప్పే అల్యూమినియం రేకుకు ఒకవైపే స్క్రూలు బిగించాలి, రెండోవైపు కదలనివ్వాలి.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. పాత పునాదిని ఆనుకుని, దానికంటే లోతుగా, పొడవునా ఒకేసారి తవ్వనివ్వకండి. కింద మట్టి జారితే గోడే కూలుతుంది. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా ఇంజనీరుకు చూపించి, ముక్కలుముక్కలుగానే తవ్వించండి.