చీమిడికి ఎంఆర్‌పీ లేదు

డాక్టరు కావాలంటే నీట్ రాయాలి. మెడికల్ షాపు ముందు నిలబడితే ఆ బాధ కూడా లేదు. తుమ్మినవాడికి తుమ్మినచోటే వైద్యం.

"అన్నా, జలుబు. కొంచెం పవర్ ఉన్నది ఇవ్వు."

"అజిత్రో ఇస్తా. మూడ్రోజుల కోర్సు."

"మూడెందుకు, రెండు చాల్లే."

కత్తెర ఆడుతుంది. రెండు గోలీలు కవర్లో పడతాయి, ఎక్స్‌పైరీ తేదీ మాత్రం మూడో గోలీతో పాటు షాపులోనే ఉండిపోతుంది. వెనకున్న పెద్దాయన "అది వేడి చేస్తుంది బాబూ, పైన మజ్జిగ తాగు" అంటాడు. ఆయన వెనకావిడ "మా బావగారికి దాంతో తగ్గలేదు, సెఫిక్సిమ్‌తో తగ్గింది" అని సెకండ్ ఒపీనియన్ ఇస్తుంది. రీచార్జ్ కోసం పక్క షాపుకొచ్చిన కుర్రాడు "తిన్నాకే వేసుకోవాలి" అని డోసు ఖరారు చేస్తాడు. ఒక్క ముక్కు కోసం ఇంతమంది నిపుణులు ఏ కార్పొరేట్ ఆస్పత్రిలోనూ దొరకరు. జలుబు తెచ్చేది వైరస్ అనీ, బ్యాక్టీరియాను చంపే ఈ యాంటీబయాటిక్ గోలీలు దాన్ని ఏమీ చేయలేవనీ మాత్రం ఎవరూ అనరు. అంటే బేరం పోతుంది.

అవమానం జరిగింది ఎవరికంటే, ఆ ముక్కుకి. 1921లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కు జలుబు చేస్తే, మందుల షాపుకు వెళ్లకుండా తన చీమిడినే ప్లేటులో వేసి పరీక్షించాడు. అది బ్యాక్టీరియాను కరిగించేసింది. కారణం లైసోజైమ్, బ్యాక్టీరియా గోడను తెగ్గొట్టే ప్రొటీన్. కన్నీళ్లలోనూ ఉందని తెలిశాక కళ్లలోకి నిమ్మతొక్క పిండి, ఏడిపించి మరీ పోగుచేశాడు. ఆయనే పెన్సిలిన్ కనిపెట్టింది 1928లో. అంటే మన చీమిడి పెన్సిలిన్ కంటే ఏడేళ్లు సీనియర్.

అయినా మర్యాద లేదు. ఎందుకుంటుంది? దానికి స్ట్రిప్పు లేదు, ఎంఆర్‌పీ లేదు, టై కట్టుకొని తిరిగే మెడికల్ రెప్ లేడు. ఒంట్లో ఇలాంటి ప్రొటీన్లు ఇంకా ఉన్నాయి. తెల్ల రక్తకణాల్లోని డిఫెన్సిన్లు బ్యాక్టీరియా పొరకు చిల్లులు పెడతాయి. లాక్టోఫెరిన్ దానికి ఇనుము దొరక్కుండా చేస్తుంది. చెమటలో డెర్మ్‌సిడిన్ ఉంది. అన్నీ ఉచితం, కాబట్టి అన్నీ అనుమానాస్పదం.

పేగు గోడ కణాలూ ఇలాంటి ప్రొటీన్లను వదులుతుంటాయి. అక్కడ మామూలుగా కాపురముండే బ్యాక్టీరియా నుంచి సంకేతాలు అందుతుంటేనే వాటిలో కొన్నింటి తయారీ సాగుతుంది. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఆ బ్యాక్టీరియా చచ్చింది, దాంతో రెగ్-3-గామా అనే ప్రొటీన్ తయారీ పడిపోయింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చి దర్జాగా స్థిరపడింది. ఎలుకల సంగతి మనకెందుకంటారా? ఎలుకలే నయం, వాటికి ఎవరో ఇచ్చారు. మనం డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం.

ఈ అమ్మకాలకు చట్టం లేదని కాదు. షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా 2014 నుంచి అమల్లో ఉంది. అందులోని సెఫిక్సిమ్ లాంటివి అమ్మితే రోగి పేరు, రాసిచ్చిన డాక్టరు పేరు రిజిస్టర్లో ఎక్కించాలి. రిజిస్టరు ఉంటుంది. దానిమీద టీ గ్లాసు ఉంటుంది.

కాన్పు వార్డులో సంగతి ఇంకా ఘనం. మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలలో లాక్టోఫెరిన్ దండిగా ఉంటుంది, లైసోజైమ్ ఉంటుంది, తల్లి ఇచ్చే యాంటీబాడీలుంటాయి. పచ్చగా ఉన్నాయని, చెడ్డపాలని, పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బదులుగా బిడ్డ నాలుక మీద తేనె! ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. తేనె నాకించిన పెద్దావిడ ఒక్కర్తినే తిట్టి ఏం లాభం? చదువుకున్న తండ్రి గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. రౌండ్లకొచ్చిన డాక్టరు కేస్‌షీట్ మీద సంతకం చేసి వెళ్లిపోయాడు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. వారం తిరక్కుండా ఇలాంటి ఏ బిడ్డకో రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఐసీయూలో ఒక మందు తర్వాత ఇంకో మందు మార్చి చూస్తారు, ఒక్కోసారి ఏదీ పనిచేయదు. ఎలా పనిచేస్తుంది? తుమ్ముకొకటి చొప్పున మింగి, సగం కోర్సులు వదిలేసి, ఊరంతా కలిసి బ్యాక్టీరియాను రాటుదేల్చాం కదా! వాడు పుట్టి వారమైంది, ఒక్క గోలీ కూడా అడిగి తెచ్చుకోలేదు. సిగ్గుండాలి మనకు.